తవుడు తిన్న మేపుల్ చెట్టు

క్యోటోలో ఇల్లరికపు అల్లుడిగా బతకడం పెద్ద కష్టమేమీ కాదు. నోరు అదుపులో పెట్టుకుని, ముల్లంగికి ఉప్పు సరిగ్గా పట్టిస్తే చాలు. నాకు ఆ రెండూ చేతకాలేదు. ఇక చెట్ల పెంపకం సంగతి చెప్పేదేముంది?

నేను పుట్టింది ఒసాకాలో. పేరు యసుహికో. క్యోటోలో ఊరగాయల దుకాణం నడిపే ఉమెగాకి వాళ్ళకి మగపిల్లలు లేరు. వాళ్ళ పెద్దమ్మాయి కనాయేని చేసుకుని, నా ఇంటిపేరు ఒసాకాలోనే వదిలేసి, వాళ్ళ ఇంటిపేరు తగిలించుకుని ఈ గడపలోకి వచ్చాను. పెళ్ళయిన కొద్ది రోజులకే మా అత్తగారు షిజుయే ఇంటి ముందు తోటలో ఒక మేపుల్ మొక్క పాతించారు. మామూలు మేపుల్ కాదు. ఆకు దారప్పోగుల్లా సన్నగా చీలి ఉంటుంది. కొమ్మలు గొడుగులా కిందికి వాలతాయి. చిగురు వేసినప్పుడే ఎరుపు, రాలేముందు ఇంకా ఎరుపు. ఇలాంటివి గింజ వేస్తే రావు. అడుగున మామూలు పచ్చ మేపుల్ వేరు ఉంచి, దాని మీద ఈ నాజూకుదాన్ని అంటు కడతారు.

అత్తగారు నన్ను మొక్క పక్కన కూర్చోబెట్టి, కాండం మీద అతుకు దగ్గర వేలు పెట్టి చూపించారు.

"చూశారా అల్లుడుగారూ, కిందది వేరు. పైది ఎక్కణ్ణుంచో తెచ్చి కట్టింది. అంటు నిలిస్తే చెట్టు అవుతుంది. నిలవకపోతే పొయ్యిలోకి పోతుంది."

ఆవిడ మొక్క గురించే అన్నారో, మొక్కని అడ్డం పెట్టుకుని అన్నారో నాకు తెలీదు. క్యోటోలో అడిగి తెలుసుకునే అలవాటు లేదు. నాకు మాత్రం ఆ రోజునుంచీ ఆ చెట్టు ఆకు వాడితే ఒళ్ళు వెచ్చబడేది. చెట్టు ఉన్నంత కాలం నేను ఈ ఇంట్లో ఉంటాను, అది పోతే నేనూ పొయ్యిలోకే అని మనసులో గట్టిగా పడిపోయింది. ఇంత పిచ్చి ఆలోచన ఎవరికైనా వస్తుందా అంటే, ఇల్లరికం వచ్చి చూడండి.

అది పెద్దదైంది. గేటు నుంచి గుమ్మానికి వచ్చే దారి మీదికి ఒక కొమ్మ వాలింది. ఎవరొచ్చినా తల వంచుకుని రావాల్సిందే. అత్తగారికి అదో సరదా. బ్యాంకు మేనేజరు వచ్చినా, గుడి పూజారి వచ్చినా మా చెట్టుకి దణ్ణం పెట్టినట్టే లోపలికి వచ్చేవాళ్ళు. నేను మాత్రం కొన్నేళ్ళ పాటు నుదురు కొట్టుకున్నాను. ప్రతి వసంతంలోనూ ఆవిడ కత్తెర తీసుకుని, అడుగున వేరు నుంచి వచ్చే పచ్చ పిలకల్ని తుంచేసేవారు. "వదిలేస్తే ఇవే పైదాన్ని మింగేస్తాయి," అనేవారు. నన్ను దిద్దడం కూడా ఇంచుమించు అలాగే ఉండేది. దుకాణంలో గట్టిగా నవ్వితే ఒక చూపు. కొనేవాళ్ళకి ఇంకో రెండు రకాలు రుచి చూపిద్దామని నోరు తెరిస్తే ఇంకో చూపు. నేను ఊరుకునేవాణ్ణి, మళ్ళీ వారానికి నవ్వేవాణ్ణి.

ఇలా ఉండగా కనజావాలో ఉన్న చిన్నమ్మాయికి కవలలు పుట్టారు. అత్తగారు సాయానికని వెళ్ళారు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి, ఆ వాలిన కొమ్మ కింద నిలబడి చెప్పారు.

"చెట్టు మీ చేతిలో పెట్టి వెళ్తున్నాను. ఎండాకాలం నీళ్ళు పోయండి. ఇంకేమీ చెయ్యకండి."

నీళ్ళు పోశాను. ఇంకేమీ చెయ్యకుండా ఉండటం మాత్రం నా వల్ల కాలేదు. బాధ్యత మీద పడ్డ మనిషి చేతులు ముడుచుకుని కూర్చుంటే బాధ్యత లేనట్టు కనిపించదూ? పిల్లల సాకుతో కొన్నాళ్ళు ఉండి వస్తానన్న మనిషి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయారు. నాకు తీరిక ఎక్కువైంది.

ముందు ఎరువు వేశాను. మా దుకాణంలో ముల్లంగి ఊరేసేది తవుడులో. ఆ తవుడు పాతబడితే పారేస్తాం. తవుడు చెట్లకి బలమని చిన్న పిల్లలకి కూడా తెలుసు కదా అని, తొట్టెడు తవుడు తెచ్చి చెట్టు మొదట్లో పోసి, పైన మట్టి కప్పి, చేతులు దులుపుకున్నాను. ఆ తవుట్లో ఎన్నేళ్ళ ఉప్పు దిగి ఉందో ఎవరికి గుర్తుండాలి? ఊరగాయలవాడికి గుర్తుండాలి. ఆ ఊరగాయలవాణ్ణి నేనే.

ఆకుల అంచులు మాడాయి. తెగులు పట్టిందనుకున్నాను. మేపుల్ కొమ్మలు కొయ్యాలంటే ఆకులన్నీ రాలి చెట్టు నిద్రపోయే రోజుల్లోనే కొయ్యాలని ఈ వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. నేను అడగలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకాన్ని. మంచు వెళ్ళాక, చిగురు వేసే ముందు, చెట్టులో నీరు పైకెక్కుతున్న సమయం చూసి మరీ కోశాను. కోసిన చోటల్లా నీరు బొట్లు బొట్లుగా కారింది. "చూశావా, లోపల ఎంత జీవం ఉందో!" అని కనాయేని పిలిచి చూపించాను. ఆమె చూసి, "ఊఁ," అని లోపలికి వెళ్ళిపోయింది. జీవం అంతా అలా కారిపోయాక కొమ్మ తరవాత కొమ్మ ఎండింది. ఎండినదాన్ని ఎండినట్టు, చివరికి మొదలు దాకా రంపంతో కోసి, కోసిన చోట మందు పూసి, ఇంత శుభ్రంగా ఎవరు చేస్తారని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అప్పుడు అడుగునుంచి నిటారుగా, బలంగా ఒక కొమ్మ లేచింది. చెట్టుకి రెండో జన్మ ఇచ్చానని దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. ఆకులు వెడల్పుగా, పసిపిల్లల అరచేతుల్లా వచ్చాయి. అదీ నా తవుడు మహిమే అనుకున్నాను. పచ్చగా ఉన్నాయేమిటంటే, ఎండ చాలక. ఆకురాలు కాలంలో ఎర్రబడకుండా పసుపుపచ్చగా మారాయేమిటంటే, చలి చాలక. పక్కింటి నకనిషి గారు ఒక రోజు గోడ దగ్గర ఆగి, "మీ చెట్టు ఎంత ఏపుగా పెరుగుతోందండీ, మా కళ్ళకి పండగ," అంది. నేను పొంగిపోయి ఆవిడకి టర్నిప్ ఊరగాయ పొట్లం కట్టి ఇచ్చాను.

ఏటా అత్తగారు కనజావా నుంచి ఫోన్ చేసి అడిగేవారు. "ఎర్రబడిందా?"

"బ్రహ్మాండంగా!" అనేవాణ్ణి.

ఈ ఏడు ఫోన్ చేసి ఆవిడ వేరే మాట చెప్పారు. "పిల్లలు బడికి వెళ్తున్నారు. నేను వచ్చేస్తున్నాను, ఇంక ఎక్కడికీ వెళ్ళను. కళ్ళు మసకబారుతున్నాయి అల్లుడుగారూ. కనబడుతుండగానే నా చెట్టు ఎరుపు ఇంకోసారి చూసుకోవాలి."

చెట్టు చుట్టూ శుభ్రం చేద్దామని ఆ సాయంత్రమే మోకాళ్ళ మీద కూర్చుని, కాండం మొదట్లో పెరిగిన నాచు సర్దుతున్నాను. చేతికి బుడిపెలా ఏదో తగిలింది. నాచు తప్పించి చూస్తే, పెళ్ళైన కొత్తలో ఆవిడ వేలు పెట్టి చూపించిన అతుకు. అతుకు పైన ఎండిన మోడు, దాని మీద నేను పూసిన మందు ఇంకా నున్నగా మెరుస్తోంది. అతుకు కింద, వేరు నుంచి, నేను రెండో జన్మ ఇచ్చిన చెట్టు లేచి నిలబడి ఉంది. ఆవిడ చెట్టుని నేను చంపేశాను. ఇన్నాళ్ళూ పెంచింది ఆవిడ ఏటా తుంచి పారేసే పిలకని.

కనాయే వసారాలో బట్టలు మడతపెడుతోంది. వెళ్ళి విషయం చెప్పాను.

"ఇప్పుడా తెలిసింది మీకు?" అంది.

"నీకు తెలుసా?"

"వీధి మొత్తానికి తెలుసు."

"మరి చెప్పవేం?"

"మీరంత మురిసిపోతుంటే ఎలా చెప్పనండీ? పైగా రోజూ దానితో మాట్లాడుతున్నారాయె."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆవిడ చివరిసారిగా చూద్దామనుకుంటున్న ఎరుపు ఈ లోకంలో లేదు. అంటు నిలవలేదు. ఇన్నేళ్ళ తరవాత, దుకాణం లెక్కలూ తాళాలూ నా చేతికొచ్చిన తరవాత, ఆవిడ గుమ్మంలో నిలబడి "అల్లుడుగారూ" అని ఒక్క చూపు చూస్తే చాలు, నేను మళ్ళీ పెట్టె పట్టుకుని వచ్చిన ఒసాకా కుర్రాణ్ణే.

పెద్దలు చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దన్నారు. నేను ఆకులే పట్టుకున్నాను.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దున్నే ఎవరి ఇంటి ముందు వాళ్ళు ఊడ్చుకుంటాం. ఊడ్చేటప్పుడు పక్కింటి హద్దు దాటి ఒక్క అడుగు మేర ఊడవాలి. అది కూడా ఊడవకపోతే పిసినారి అంటారు. అంతకంటే ముందుకు పోతే, "మీరు మీ వాకిలి ఊడ్చుకోవడం లేదు," అని మొహం మీద చెప్పినట్టు. ఆ ఒక్క అడుగులోనే మా మర్యాదంతా ఉంది. నకనిషి గారి గోడ మీంచి వీధిలోకి వాలిన చెట్టు మా అత్తగారి చెట్టు జాతే. దారప్పోగుల్లాంటి ఎర్రటి ఆకులు రోజూ ఆవిడ వాకిట్లో రాలతాయి. నా అడుగులోకి వచ్చేవి గుప్పెడు. నాకు కావలసింది గంపెడు.

ఆ ఆకులు తెచ్చి మా చెట్టు కింద నాచు మీద పరిస్తే, కళ్ళు మసకబారిన పెద్దావిడ వసారాలో కూర్చుని చూసి, ఎర్రగా ఉందనుకుంటారు. ఇదీ నా పథకం. ఆకులు అడిగి తీసుకోవచ్చుగా అంటారేమో. అడిగితే నకనిషి గారు ఎందుకని అడగదు, అదే నా భయం. "ఎంత మాటండీ, తప్పకుండా," అని చేటతో పోసి ఇస్తుంది. సాయంత్రానికి కారణం ఆవిడే అల్లి వీధిలో పంచుతుంది.

కాబట్టి మొదటి రోజు హద్దు దాటి రెండడుగులు ఊడ్చాను. మర్నాడు నాలుగు. ఆ తరవాత ఆవిడ వాకిలి మొత్తం ఊడ్చేసి, చేటెడు ఆకులు చంకన పెట్టుకుని ఇంట్లోకి దూరాను. ఎవరైనా చూస్తే, తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, గాలికి మా వైపు ఎగిరి వస్తున్నాయండీ అని చెబుదామని సిద్ధం చేసుకున్నాను.

నకనిషి గారికి రోషం వచ్చింది. మర్నాడు నాకంటే ముందు లేచి, తన వాకిలి అద్దంలా ఊడ్చేసి, చీపురు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"పెందరాళే లేచారే," అన్నాను.

"మీరు మా వాకిలి చూసి బాధపడుతున్నారని తెలిశాక నిద్రెలా పడుతుందండీ?" అని నవ్వుతూ వంగి దణ్ణం పెట్టింది.

ఆ మర్నాడు నేను ఇంకా ముందు లేచాను. ఆ తరవాత ఆవిడ. చివరికి ఇద్దరం చీకట్లో, ఇంకా రాలని ఆకుల కోసం చీపుర్లు పట్టుకుని చెట్టు కింద నిలబడే దాకా వచ్చింది. మా ఆవిడ పరుపు మీంచి లేవకుండానే అంది. "మా అమ్మకి కళ్ళు మసకబారాయేమో కానీ, బుర్ర మసకబారలేదండీ."

నేను వినలేదు. ఆకులు పరిచాను. చెట్టు మీద పసుపు, చెట్టు కింద ఎరుపు. దూరం నుంచి, కళ్ళు బాగా చికిలించి చూస్తే, నిజంగానే బాగుంది.

అత్తగారు మధ్యాహ్నం రైలుకి వచ్చారు. చిన్నగా అయిపోయారు. చేతికర్ర పట్టుకుని, గేటు నుంచి గుమ్మం దాకా నెమ్మదిగా నడిచి, చెట్టు వైపు తల తిప్పకుండానే లోపలికి వచ్చేశారు. నా ప్రాణం లేచి వచ్చింది. భోజనంలో ముల్లంగి ముక్క కొరికి, "ఉప్పు ఎక్కువ," అన్నారు. ఇంకేమీ అనలేదు. ప్రయాణం బడలికని పడుకున్నారు. అంతా గట్టెక్కిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నకనిషి గారు మిఠాయి పెట్టె పట్టుకుని పలకరింపుకు వచ్చింది. నేను టీ పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళేసరికి మాట మొదలైపోయింది.

"మీరు లేని లోటు తెలియకుండా మీ అల్లుడుగారు ఎంత శ్రమ పడుతున్నారనుకున్నారు షిజుయే గారూ? మా వాకిలి కూడా ఆయనే ఊడుస్తున్నారు. మేమెంత మురికిగా ఉంచామో ఏమో పాపం. ఒక్క ఆకు కూడా వదలకుండా ఎత్తుకెళ్తున్నారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను చొక్కా చేతులు దులుపుకున్నాను. అక్కడ ఆకేమీ లేదు. అత్తగారు నా వైపు చూశారు. ఎన్నేళ్ళనుంచో నాకు బాగా పరిచయమైన చూపు. పొయ్యి కనిపించింది నాకు.

ఆవిడ టీ కప్పు రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా ఒక గుక్క తాగారు.

"ఏం చెయ్యమంటారు నకనిషి గారూ," అన్నారు. "మావాడికి హద్దులు తెలీవు. ఒసాకా పుట్టుక. ఒక్క అడుగు ఊడవరా అంటే వీధంతా ఊడుస్తాడు. చిన్నప్పుడు నేర్పించి ఉండాల్సింది, నాకు ఆలస్యంగా దొరికాడు. మావాడి తప్పు నా తప్పే. మీరు మనసులో పెట్టుకోకండి."

ఇంకొకరి అల్లుణ్ణి అనొచ్చు. ఆ ఇంటి పిల్లాణ్ణి, ఆ తల్లి ముందు, ఎవరంటారు? నకనిషి గారు మిఠాయిని పొగిడి, మిఠాయి తెచ్చింది తనే అని గుర్తొచ్చి, టీని పొగిడి, వెళ్ళిపోయింది.

నేను టీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. పెళ్ళయినప్పట్నుంచీ నేను ఈ ఇంట్లో "అల్లుడుగారు". గౌరవంగా, దూరంగా, చుట్టానికి వేసిన పీట మీద కూర్చోబెట్టినట్టు. ఇప్పుడు తిట్టేది తిట్టి "మావాడు" అన్నారు, అదీ రెండుసార్లు.

"తోటలోకి తీసుకెళ్ళు," అన్నారు అత్తగారు.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆవిడ చెట్టు ముందు ఆగి, చేతికర్ర కొసతో నాచు మీద పరిచిన ఎర్ర ఆకుల్ని కదిపారు.

"ఇవి నకనిషివి."

"అవునండీ."

"నిన్న గేటులోంచి గుమ్మం దాకా నిటారుగా నడిచి వచ్చాను. నా చెట్టు ఉంటే తల వంచకుండా రానిచ్చేదా? దానికి కళ్ళెందుకు? నువ్వు మాత్రం తల వంచడం మానేసి ఎన్నాళ్ళయిందో చూసుకోనే లేదు."

నిజమే. నుదురు కొట్టుకోవడం మానేసిన రోజు కూడా నాకు గుర్తు లేదు. తవుడు సంగతి, ఉప్పు సంగతి, నీరు కారుతుంటే మురిసిపోయిన సంగతి అన్నీ చెప్పేశాను. ఆవిడ నా భుజం పట్టుకుని కష్టం మీద వంగి, మోడుని వెతికి, దాని మీద అరచెయ్యి పెట్టి నిమిరారు. ఎన్నేళ్ళు పెంచుకున్నారో కదా. అప్పుడు నన్ను పొయ్యిలో పెట్టినా న్యాయమే అనిపించింది.

"అంటు నిలవలేదు అత్తయ్యగారూ," అన్నాను. "నిలవకపోతే పొయ్యిలోకే అన్నారు మీరు."

ఆవిడ తలెత్తి నా మొహం మసక కళ్ళతో వెతికారు. "మొక్క గురించి అన్నాను. ఇన్నేళ్ళూ అది నీ గురించి అనుకున్నావా?"

నేను తల వంచాను.

"పిచ్చి సన్నాసీ! పైది ముచ్చటపడి నేను తెచ్చి కట్టుకున్నది. ఉప్పు తగిలేసరికి పోయింది. ఇది ఎవరూ పిలవకుండానే వచ్చింది. ఏటా తుంచాను, మళ్ళీ వచ్చింది. సిగ్గూ శరం లేదు." మోడు మీంచి చెయ్యి తీసి, నిటారుగా లేచిన పచ్చ కాండాన్ని గట్టిగా పట్టుకుని, దాని ఆసరాతో లేచి నిలబడ్డారు. "ఇంత ఉప్పు పోసినా నిలబడింది చూడు. ఊరగాయల ఇంట్లో ఉప్పుకి ఓర్చుకున్నదే ఉండాలిరా. ఇంక దీన్ని ఎవరూ తుంచకండి."

నాకు ఏడుపొచ్చింది. ఒసాకా వాళ్ళం కదా, మాకు మెల్లిగా ఏడవడం రాదు. ఆ పసుపుపచ్చ చెట్టు పట్టుకుని వీధి అదిరేలా ఏడ్చాను.

అత్తగారు గోడ వైపు ఒకసారి చూసి, చేతికర్రతో నా కాలి మీద చిన్నగా కొట్టారు.

"నెమ్మదిరా. నకనిషి వింటుంది."